నీ కారులో నీళ్ళు

సుజీ,

ఎలా ఉన్నావని అలవాటు కొద్దీ రాయబోయి ఆగాను. నువ్వు వెళ్ళిపోయి ఆరు నెలలు దాటింది. తోటలు పూత మీద ఉండగా పోయావు. తర్వాత కాయ దిగింది, కోతలయ్యాయి, లారీలు వెళ్ళిపోయాయి. ఇప్పుడు వానలు. నేను బాగానే ఉన్నానంటే నువ్వు నమ్మవు కదా... అలసటగా ఉంది. పని ఎక్కువై కాదు. పొద్దున కళ్ళు తెరిచేసరికే ఉంటోంది.

ఈసారి కాపు అంతంతమాత్రం. పూతకి పురుగు పట్టింది, నిలబడిన కాయని గాలివాన రాల్చేసింది. ఆగిరిపల్లి తోట మళ్ళీ కౌలుకి తీసుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. నువ్వుంటే టీ తాగేలోపు తేల్చేదానివి.

సరే, ఇవాళ రాయాలనుకున్నది తోట సంగతి కాదు. నీ కారు సంగతి. మీ అమ్మగారి సంగతి.

కారు నువ్వు ఆపిన చోటే ఉండిపోయింది, గేటు పక్కన రసాల చెట్టు కింద. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. గుర్తుందా, ఆ ఎర్రటి రెండు సీట్ల బండిని, బట్ట టాప్ మడిచేసి, హైదరాబాదు నుంచి నువ్వే నడుపుకుంటూ వచ్చిన రోజు? నూజివీడు సెంటర్లో జనం ఆగి చూశారు. పీఈటీ మేడంకి స్పోర్ట్స్ కారేంటని మీ స్టాఫ్ రూములో నవ్వుకున్నారట. "పరుగు మానేశాక మోకాళ్ళు ఊరుకున్నాయండీ, మనసే ఊరుకోలేదు" అన్నావు నాతో. అప్పటికే అది పాత బండి. తయారు చేసినవాళ్ళు కూడా దాన్ని మర్చిపోయి ఉంటారు.

దాన్ని అమ్మేద్దామనుకున్నాను. కోపం తెచ్చుకోకు... గేటు తీసినప్పుడల్లా కనిపిస్తుంటే నా వల్ల కాలేదు.

విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. ప్రీ వెడ్డింగ్ షూట్లకి అద్దెకిస్తాడట. చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు. తలుపు తీశాడు, వెంటనే కర్చీఫ్ ముక్కుకి పెట్టుకున్నాడు. లోపల నీళ్ళు, సుజీ. నువ్వు కాళ్ళు పెట్టుకునే చోట చెప్పులు మునిగేంత నీళ్ళు. కార్పెట్ మీద తెల్లగా బూజు. బాగు చేయించి ఫోన్ చేయండి సార్ అని ఆయన వెళ్ళిపోయాడు.

నేను అలా నిలబడిపోయాను. అత్తయ్యగారు మెట్ల మీద నుంచి చూస్తున్నారనుకుంటా. కాసేపటికి బకెట్టు, మగ్గు పట్టుకుని వచ్చి నీళ్ళు తోడటం మొదలుపెట్టారు.

ఆమెని మన దగ్గరకి తెచ్చింది నువ్వు. నువ్వు లేకుండా మేమిద్దరం ఒకే ఇంట్లో ఎలా ఉండాలో మాకు ఎవరు చెబుతారు? పిల్లలైనా ఉంటే వాళ్ళని అడ్డం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఆమె నాకు కంచం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతారు. నేను పెరట్లోకి వెళ్ళాలంటే ముందు దగ్గుతాను. టీవీ వినపడీ వినపడనట్టు పెట్టుకుంటారు. నీ పేరు మాత్రం ఇద్దరం ఎత్తం. ఎవరు ముందు ఎత్తితే ఎదుటివాళ్ళు ఏమైపోతారోనని.

అప్పటికే ఆమె ఒకరోజు చెప్పారు, బాపులపాడులో తమ్ముడి దగ్గరకి వెళ్ళిపోతానని. కూతురు లేని ఇంట్లో అల్లుడి దగ్గర ఎన్నాళ్ళుంటాను బాబూ, నలుగురూ ఏమనుకుంటారు అన్నారు. నేను సరే అనలేదు. వద్దని కూడా అనలేదు.

ఆ రోజు నీళ్ళు తోడుతూ, అమ్మాయి బండి ఇలా మురిగిపోతుంటే వదిలేసి వెళ్ళలేను, ఇది బాగయ్యాక వెళ్తాను అన్నారు.

ముందు నేను టాప్‌నే అనుమానించాను. బట్ట పాతది కదా, కుట్ల దగ్గర కారుతోందనుకున్నాను. నూజివీడులో ఒక మెకానిక్ కుట్ల వెంబడి ఏదో పేస్టు పూశాడు. మర్నాడు వాన పడింది, మళ్ళీ నీళ్ళు. కొత్త బ్యాటరీ వేయించి ఇంకొకాయన దగ్గరకి తీసుకెళ్తే, కింద రేకుకి రెండు చిల్లులు కొట్టేస్తే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి కదండీ అన్నాడు. నీ బండికి చిల్లులు! కోపంతో ఇంటికి తెచ్చేశాను. "ముందు చూడండి, తర్వాత కోప్పడండి" అనేదానివి కదా నన్ను... అందుకని చూడటం మొదలుపెట్టాను.

సీట్లు ఊడదీశాను. కార్పెట్ లేపితే దాని కింద మందపాటి మెత్త, తడిసిన బొంతలా ఉంది. అత్తయ్యగారు ఒక కొస, నేనొక కొస పట్టుకుని ప్రహరీ గోడ మీద వేశాం. నీళ్ళు గోడ వెంబడి కారుతూనే ఉన్నాయి.

తర్వాత టాప్ వేసి నేను టార్చిలైటుతో లోపల కూర్చున్నాను. ఆమె బయట నుంచి చెంబుతో మెల్లగా, ఒక్కో చోటా నీళ్ళు పోశారు. ముందు అద్దం మూల. తర్వాత తలుపు అంచు. తర్వాత టాప్ మీద.

"వచ్చిందా బాబూ?"

"రాలేదండీ."

"ఇప్పుడు?"

"లేదండీ. ఇంకొంచెం వెనక్కి."

నవ్వుకుంటావేమో గానీ, నువ్వు పోయాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది అదే. మధ్యలో ఆ బట్ట ఉంది కాబట్టి కుదిరిందేమో...

వెనక వైపు, బట్ట వచ్చి బాడీకి కలిసే చోట పోశారు. అంతే, సీటు వెనక నుంచి ధార కట్టింది. చెయ్యి పెట్టి తడిమితే తెలిసింది. అక్కడ సన్నటి కాలవ ఉంది. టాప్ మీద పడిన వాన అందులోకి దిగి, చెరో పక్క ఉన్న రంధ్రంలోకి వెళ్ళి, గొట్టం గుండా వెనక చక్రం ముందు నేల మీద పడాలి. రంధ్రమైతే కనిపించలేదు. మట్టి తగిలింది. గోటితో గీకి బయటకి తీసి చూస్తే... పూత, సుజీ. నువ్వు పోయిన రోజుల్లో రాలిన మామిడి పూత. ఎండి, కుళ్ళి, దుమ్ముతో కలిసి ముద్ద కట్టేసింది. దాని మీద చీమలు పుట్ట పెట్టాయి. వాన నీళ్ళకి కిందకి దారి లేక, కాలవ నిండి లోపలికి పొర్లుతోంది.

నువ్వు ఆదివారం గుడి నుంచి రాగానే, చీర కూడా మార్చుకోకుండా, సీట్ల వెనక తల దూర్చి ఏదో గెలుకుతుండేదానివి. బండితో ఆడుకుంటోందిలే అనుకునేవాణ్ణి. ఇదేనా నువ్వు చేసింది? ఒక్కసారైనా చెప్పలేదేం?

అత్తయ్యగారు పాత గొడుగు ఊచ తెచ్చారు. దాంతో పొడిస్తే గొట్టం చిరుగుతుందని ఆపాను. తోటలో మిగిలిన సన్నటి డ్రిప్ పైపు ముక్క ఉంటే, దాన్నే మెల్లగా తిప్పుతూ లోపలికి పంపాను. ఆమె గోరువెచ్చటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తున్నారు. చాలాసేపు ఏమీ లేదు. నడుం పట్టేసింది. ఇక చాలనుకుంటుండగా లోపల ఎక్కడో గుడగుడమంది.

"పడుతోంది! బాబూ, కింద పడుతోంది!"

పక్కింటివాళ్ళు బయటకి వచ్చారు, ఆమె అంత గట్టిగా అరిచారు. నల్లటి నీళ్ళు, పూత పొట్టు, చీమలు, అన్నీ చక్రం పక్కన పడుతున్నాయి. ఆమె నవ్వారు. మీ అమ్మ నవ్వితే అచ్చం నీలా ఉంటుందని నేనెప్పుడూ గమనించలేదు. మరుక్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. నేను అక్కడే, ఆ బురదలో, చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాను.

ఎడమ పక్క ఇంకా సతాయించింది. రంధ్రం తెరుచుకున్నా నీళ్ళు లోపలికే వస్తున్నాయి. చూస్తే గొట్టం అతుకు దగ్గర ఊడిపోయి ఉంది. నా చెయ్యి అక్కడికి దూరలేదు. ఆమె గాజులు తీసి గట్టు మీద పెట్టి, మోచేతి దాకా దూర్చి, కళ్ళు మూసుకుని తడుముతూ గొట్టాన్ని దాని చోట్లో ఎక్కించేశారు. నేను డ్రిప్ క్లాంపు అందించాను. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర పేరుకున్న ఆకులు తీస్తే బకెట్టు నిండింది. తుప్పు గీకి, మళ్ళీ పట్టకుండా రెడాక్సైడు రంగు వేశాను. వాన వెలిస్తే కార్పెట్ గోడ మీదకి, చినుకు పడితే వసారాలోకి... ఇద్దరం పరుగులే పరుగులు.

నిజం చెప్పాలంటే పని ఇంకా ముందే అయిపోయేది. నేనే రెండో కోటింగ్ వేయాలన్నాను. అది ఆరలేదన్నాను. తలుపు రబ్బరు కోసం విజయవాడ వెళ్ళాలన్నాను. ఆమె ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

కానీ ఎంతకాలం లాగుతాను? ఒకరోజు కార్పెట్ పరిచాక ఇంక చేయడానికి ఏమీ మిగల్లేదు. మర్నాడు పొద్దున ఆమె చీరలు సంచిలో సర్దుకున్నారు.

నీ కారులోనే తీసుకెళ్ళాను. నీ పక్కన నేను కూర్చునే సీట్లో ఆమె, ఒళ్ళో సంచి. హనుమాన్ జంక్షన్ ఇంకా రాకముందే వాన అందుకుంది. మామూలు వాన కాదు, వైపర్లు ఆగలేదు. ఇద్దరి చూపూ మాటిమాటికీ కాళ్ళ వైపే. ఆమె చెప్పు విడిచి పాదంతో కార్పెట్ నొక్కి చూశారు. తర్వాత వంగి చేత్తో తడిమారు. పొడిగా ఉంది బాబూ అన్నారు. అంతే. మళ్ళీ బాపులపాడు దాకా మాటల్లేవు. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. ఏదో అయిపోయినట్టు అనిపించింది.

మీ మావయ్య వాళ్ళు ఆదరంగానే పలకరించారు. మీ అత్తయ్య అప్పటికే కోడి కూర పొయ్యి మీద పెట్టింది. ఇల్లు చిన్నది, అందులో కొడుకు, కోడలు, మనవలు. వసారాలో ఒక మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి ఉంచారు అక్క కోసం. వాళ్ళ తప్పేం లేదు. ఆమె ఆ మంచం చివర, బస్సు కోసం ఆగినవాళ్ళలా కూర్చున్నారు, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని. భోజనం చేసి వెళ్ళమన్నా వినకుండా టీ తాగి లేచాను. ఆమె నా వైపు చూడలేదు.

కారులో కూర్చున్నాను. తాళం పెట్టాను. తిప్పలేకపోయాను, సుజీ. ఈ సీటు ఖాళీగా, ఆ ఇల్లు ఖాళీగా... నా దగ్గుకి పెరట్లోంచి పక్కకి తప్పుకునే మనిషి కూడా లేకుండా ఎలా?

దిగి వానలోనే వెనక్కి వెళ్ళాను. అందరి ముందూ అనేశాను.

"అత్తయ్యగారూ, నాకు వండిపెట్టడానికి కాదండీ. సుజాత గురించి మాట్లాడుకోవడానికి నాకు మీరు తప్ప ఎవరూ లేరు. ఎవరేమనుకున్నా సరే, ఇంటికి రండి."

మీ మావయ్య తల దించుకున్నాడు. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూశారు, తడిసి ముద్దయి ఉన్నాను.

"ఈ మాటేదో సంచి దించకముందు అనొచ్చుగా బాబూ" అన్నారు. అని, మీ అత్తయ్య వైపు తిరిగి, "కూర అయిందా? తిని వెళ్తాం" అన్నారు.

వచ్చే దారంతా నీ గురించే. నీ చిన్నప్పుడు స్కూల్ పందెంలో గీత దాటేశాక కూడా ఆగకుండా పరిగెత్తి కాలవలో పడ్డావట కదా? నాకెప్పుడూ చెప్పలేదు! ఆమె చెబుతూ నవ్వారు, ఏడ్చారు. నేనూ అంతే. బండి మెల్లగా నడిపాను.

విజయవాడ ఆయనకి ఫోన్ చేసి, అమ్మట్లేదండీ అని చెప్పాను. ఎప్పటికీ అమ్మనని నీకు మాట ఇవ్వలేను. ఇప్పటికైతే ఉంటుంది. షెడ్డు వేయిస్తాను, చెట్టు కింద మాత్రం పెట్టను.

అలసట ఇంకా పోలేదు. పోతుందో లేదో తెలియదు. కానీ ఇవాళ ఆకలేస్తోంది, సుజీ. చాలా రోజులైంది ఇలా ఆకలేసి. లోపల రెండు కంచాలు పెట్టిన చప్పుడైంది. పిలుస్తున్నారు, వెళ్తాను.

నీ
ప్రసాదు