సోంబారి ఇంటి రాయి

1961 జనవరి 9, సోమవారం

రైలు సైడింగు మట్టి పని. తుప్పల్లో పలకరాయి తగిలింది, తలుపంత. అప్పన్న గడ్డపారతో ఎత్తాడు. కింద గొయ్యి, గోతిలో కుండలు, కుండల్లో ఎముక ముక్కలు. కూలీలు వెనక్కి జరిగారు.

పక్క ఊరి ముండా తెగవాళ్లవా అని లైను ఇన్‌స్పెక్టరు అడిగాడు. కావన్నాను. వాళ్లు కాలుస్తారు. మన గ్యాంగులో మట్టి మోసే సోంబారి ఆ ఊరి మనిషే, ఆమె మొగుణ్ణి పోయిన వేసవిలో కాల్చారు, నేనూ వెళ్లాను. కాల్చాక ఏముంటుంది, మనలాగే ఏట్లో కలిపేస్తారు కదా... ఎవరివో పాతవి అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు.

రాయి బాగుంది. గేటు దగ్గర కాలవ మీద వేయించాను.

జనవరి 10

కుండలు స్టోరు గదిలో. కలకత్తా మ్యూజియం వాళ్లకు తెలియజేశారట. పాతవైతే సర్కారు సొత్తు, చట్టం ఉంది, ఎవరూ ముట్టకూడదు. తాళం నా దగ్గర. నడుము నొప్పి.

జనవరి 12, గురువారం

సోంబారి జ్వరం తగ్గి పనికొచ్చింది. గొయ్యి చూసింది. తట్ట కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

ఆ రాయి వాళ్ల ఇంటిదట. కాల్చాక మిగిలిన ఎముకలు ఏరి కుండలో పెట్టి చూరుకు వేలాడదీస్తారట. పంట ఇంటికొచ్చాక ఊరంతా ఒక రోజు అనుకుని, ఎవరి రాయి వాళ్లు ఎత్తి, ముందు పోయినవాళ్ల పక్కన దించుతారట. ఆమె మొగుడు ఇంకా చూరుకే ఉన్నాడు. ఆ రోజు వచ్చే ఆదివారం కాక పై ఆదివారం.

"ఈయన్ని ఎక్కడ దించను, మిస్త్రీ బాబూ?"

సాయంత్రం ఇన్‌స్పెక్టరుకు చెప్పాను, నేను తప్పు చెప్పానని. రాసి పంపేశాను, ఇప్పుడెలా అన్నాడు.

జనవరి 16

కలకత్తా నుంచి బాబు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. కుండల్ని పసిపిల్లల్లా పట్టుకున్నాడు. ఆమెను నాచేత అడిగించాడు. పైన ఉన్నది ఎవరు? అత్త. దాని కింద? అత్తకి అత్త. అడుగున? మా వాళ్లే. పేర్లు? తెలియవు.

వందేళ్లు దాటినవి సర్కారువి అన్నాడు. అత్త కుండ ఒక్కటీ ఇవ్వమని పైకి రాస్తానన్నాడు. అది ఆమెకు చెప్పాను.

"ఒక్క అత్తనే ఇత్తాడా? ఆళ్ల మద్దిని పడుకున్న మనిసిని లేపి, ఒక్కదాన్నీ ఎక్కడ పడుకోబెట్టను?"

బాబు కళ్లజోడు తుడుచుకున్నాడు. అలాంటి దానికి చట్టంలో చోటు లేదు అన్నాడు బెంగాలీలో. నిజమే అయ్యుంటుంది.

జనవరి 17

మా ఆవిడ సిమ్మాచలానికి చెప్పకుండా ఉండాల్సింది. అన్నం పెడుతూనే మొదలెట్టింది.

"తాళం నీ కాడే ఉంది కదా."

ఉద్యోగం కూడా ఉంది అన్నాను.

"మీ అమ్మ బూడిద నాగావళిలో కలిపినావు. ఆ ఏటికి ఎవులూ తాళం ఎయ్యలేదు."

మజ్జిగ పోయకుండా వెళ్లిపోయింది.

జనవరి 19

కుండలు నావి కావు. రాయి మాత్రం ఎవరూ రాసుకోలేదు. కాలవ మీంచి తీయించి ఎడ్లబండి మీద సోంబారి ఇంటికి పంపాను. "ఇప్పుడు కాలవకి ఏటెడతాం?" అని అప్పన్న గొణిగాడు. పాత స్లీపరు దుంగ ఉంటే వేయమన్నాను.

జనవరి 22, ఆదివారం

వాళ్ల ఊళ్లో ఆ రోజు. డోళ్లు లైను దాకా వినిపించాయి. అందరూ తమ రాళ్లు ఎత్తారట. సోంబారి ఎత్తలేదు. కింద ఎవరూ లేని చోట ఒక్కణ్ణీ వదలనందట. మళ్లీ ఏడు చూద్దాం అన్నారట పెద్దలు.

జనవరి 23

పనికొచ్చింది. మామూలుగానే మోసింది.

జనవరి 27

హుకుం వచ్చింది. కుండల వయసు తేలేవరకు అన్నీ కలకత్తాలోనే, అత్త కుండ కూడా. గడ్డి వేసి పెట్టెలో సర్దించాలి. రేపటి పార్సిలు బండి. సర్దేది నేను.

సోంబారికి చెప్పాను. మళ్లీ ఏటికి వస్తాయా అంది. తెలియదన్నాను. ఎప్పటికైనా? అదీ తెలియదన్నాను.

జనవరి 28, శనివారం

గడ్డికి మనిషిని పంపబోతుంటే ఆమే మోపు తెచ్చింది. ఇవాళ కూలి వద్దంది. స్టోరు వరండాలో కూర్చుని ఒక్కో కుండకీ గడ్డి తాడు చుట్టింది. నేను లోపల పేర్చాను.

అన్నీ అయ్యాక చెంగు కింది నుంచి ఇంకో కుండ తీసింది. పొయ్యి పొగకు నల్లబడి ఉంది.

"దీన్నీ ఎట్టెయ్ బాబూ. ఆళ్లు ఎక్కడుంటే ఈయనా అక్కడే."

అక్కడ బల్ల మీద పెడతారు, విప్పి చూస్తారు, ఇది కొత్తదని తెలిస్తే పారేసినా పారేస్తారు అన్నాను. తెలుసు అంది. ఇంటికి తీసుకుపొమ్మన్నాను. కదల్లేదు.

నాలుగింటికి ఇన్‌స్పెక్టరు లక్క ముద్ర వేయడానికి వస్తాడు. మూడు దాటింది. పెట్టెలో ఒక మూల ఖాళీ ఉంది. మూత ఇంకా బిగించలేదు. సుత్తి ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆమె చుడుతోంది, ఆ కుండకు కూడా.