చెప్పని సగటు

మార్చి 4, మంగళవారం

లొకేటర్ నా చేతిలోంచి తీసుకుని తోడల్లుడికి ఇచ్చారు మామగారు. నేల కింద డ్రిల్ తల ఎక్కడుందో పైన నడుస్తూ కనిపెట్టే పని అది. ఆయన కంపెనీలో పదకొండేళ్లుగా నేనే చేశాను. వాడొచ్చి ఆరు నెలలు. చురుకైనవాడట, స్క్రీన్లు బాగా తెలుసట. నన్ను డ్రిల్ నడిపే రిగ్ ఎక్కమన్నారు. లివర్లు పట్టడానికి అనుభవం కావాలని తేనె పూసి చెప్పారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

అసూయే. ఇక్కడ కూడా అబద్ధం రాసుకోవడమెందుకు.

మార్చి 5, సాయంత్రం 7

ఆరు లేన్ల రోడ్డు తవ్వకుండా, కింద నుంచి అడ్డంగా డ్రిల్ చేసి కేబుల్ పైపు వేయాలి. అక్కడే సగం ఊరికి నీళ్లిచ్చే పెద్ద పైపు ఉంది. దాని అడుగు మూడు మీటర్ల పది సెంటీల లోతులో. మనం దానికింద నుంచి పోవాలి. లొకేటర్ లోతు చూపించాలంటే సరిగ్గా డ్రిల్ తల పైన నిలబడాలి. ఆ ట్రాఫిక్‌లో నిలబడితే మనిషే భూమిలోకి పోతాడు. అందుకని తల ఎంత వాలుగా దిగుతోందో, ఆ పిచ్ చూసి లోతు లెక్క కట్టాలి.

వాడికి ఆ లెక్క రాదు. టీ తాగుతుంటే వచ్చి, కాస్త నేర్పండి అన్నయ్యా అన్నాడు. ఆ వినయం చూస్తే ఇంకా కడుపు మండింది.

నేర్పాను. డ్రిల్ తల వెనక ఒకదానికొకటి బిగించే రాడ్ ఒక్కోటి మూడు మీటర్లు. పిచ్ ఇరవై శాతమైతే రాడ్ పూర్తయ్యేసరికి అరవై సెంటీలు దిగుతుంది. అలా రాడ్ రాడ్‌కీ కూడుకుంటూ పొమ్మన్నాను.

ఒక మాట మింగేశాను. తలను మెల్లగా పైకి తిప్పేటప్పుడు పిచ్ రాడ్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉంటుంది. రెండింటి సగటుతో గుణించాలి. మొదటి అంకెతోనే గుణిస్తే కాగితం మీద లోతు ఎక్కువ కనబడుతుంది.

చిన్న తప్పు చేస్తాడు, మామగారి ముందు దొరికిపోతాడు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మార్చి 6

మరదలు వచ్చి మొగుణ్ణి పొగిడి వెళ్లింది. ఇంటికొచ్చినా అవే లెక్కలట, పిలిస్తే పలకడట. మీరూ ఆ వయసులో అంత శ్రద్ధ పెట్టి ఉంటే అని మా ఆవిడ సగంలో ఆపేసింది. పుండు మీద కారం. భోజనం సహించలేదు.

మార్చి 7, శుక్రవారం

పైలట్ హోల్, అంటే మొదటి సన్నని హోల్, అయింది. మూడు రాడ్లు ఇరవై పిచ్‌తో దించాను. తర్వాతి ఐదింటిలో నాలుగేసి శాతం తగ్గిస్తూ సున్నాకి తెచ్చాను. వాడి కాగితంలో మూడు మీటర్ల అరవై. నా తలలో మూడు ముప్ఫై.

సన్నని హోల్ కాబట్టి నీళ్ల పైపు కింద నుంచి దాటిపోయింది. సోమవారం అదే దారిలో రీమర్ లాగి హోల్‌ని పెద్దది చేస్తాం. రీమర్ మధ్య నుంచి అంచుకి పాతిక సెంటీలు. పైపు కింద ఉన్న సందు ఇరవై.

మామగారు వాడి భుజం తట్టారు.

మార్చి 8

చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

మామగారింట్లో భోజనాలు. నీ తోడల్లుడు గట్టివాడయ్యా అని ఆయన మొదలుపెట్టారు. వాడు అడ్డుపడి, నాదేముంది, అంతా అన్నయ్య నేర్పిందే, లేకపోతే ఆ రోడ్డు దాటేవాణ్ణే కాదు అన్నాడు. అందరి ముందూ. మామగారు నావైపు మెప్పుగా చూశారు. ఆరు నెలలుగా నేను ఎదురుచూస్తున్న చూపు అది. తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని తిన్నాను.

ఈ మెప్పు కూడా వాడి చేతుల మీదుగానే రావాలా అనిపించింది. అప్పుడు కూడా. ఈర్ష్యకి సిగ్గుండదు.

మార్చి 10, సోమవారం

రీమర్ బిగించి, లాగమని సైగ చేశారు. లివర్ మీద చెయ్యి వేశాను. పైపు పగిలితే ఎవరి పేరు చెడుతుందో కూడా ఊహించుకున్నాను. వాడి పేరే. ఆ ఊహ తియ్యగా ఉంది, అందుకే భయమేసింది.

ఇంజన్ ఆపి దిగాను. లోతు ముప్ఫై సెంటీలు తప్పని మామగారికి చెప్పాను. కాగితం రాసింది నేను, తప్పు నాదే మావయ్యా అన్నాడు వాడు. కాదు, తెలిసే సగం నేర్పాను అన్నాను.

మామగారు తిట్టలేదు. ఎన్ని రాడ్లు వెనక్కి లాగాలని మాత్రం అడిగారు. మళ్లీ లోతుగా వేయాలి. నా ముఖం వైపు మాత్రం చూడలేదు.

మార్చి 11

వాడు ఇంటికొచ్చాడు. కొత్త నోట్‌బుక్ తెరిచి, ఇంకా ఏమేం చెప్పకుండా ఉంచారు అన్నయ్యా అని అడిగాడు.

ఒక్క నిమిషం అని లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. లెక్కపెట్టుకున్నాను. నాలుగున్నాయి.