కోడలి మాత్రలు

డాక్టరమ్మ గారికి,

మీ వార్డులో ఉన్న లూపస్ పేషెంటు నూకరత్నం మామగారు రాసుకున్నది. చేపలు చుట్టే పాత పేపర్లు చదివి అక్షరం నేర్చినవాణ్ణి. అందులోనే వైద్యమూ నేర్చాననుకున్నాను. అదో పెద్ద కథ, వదిలేయండి.

కోడలికి ఆటలమ్మ పోసింది. మందులు మింగితే అమ్మవారికి కోపమని ఆ లూపస్ జబ్బుకి ఆమె రోజూ వేసుకునే మాత్రలు బియ్యం డబ్బాలో దాచేశాను. "ఒక్కపూటా మానకూడదన్నారు మావయ్యగారూ" అని ఏడ్చింది. ఇప్పుడు తెలివిలో లేదు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే రక్తాన్ని తినేస్తున్నాయని, అరుదుగా ఇలా జరుగుతుందని మీరే చెప్పారు.

నిన్న "మాత్రలు ఆపారా?" అని మీరడిగితే, పక్కన కొడుకున్నాడని "లేదండి" అన్నాను. ఎనిమిది రోజులు ఆగాయండి. దాన్నిబట్టి వైద్యం చెయ్యండి.

బయట బెంచీ మీదే ఉన్నాను. నా కొడుకు ముందే మళ్లీ అడగండి.