గీత దాకా కంకర

చిన్నమ్మాయి ఇంట్లో ఉన్న నీకు,

నేను క్షేమం. నువ్వూ, చిన్నమ్మాయీ, పసిదీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ ఆ ‘అందరం’ దగ్గర కలం ఆగిపోయింది. నీ తమ్ముడి కుడిచెయ్యి విరిగింది. కంగారుపడకు, కట్టు కట్టారు. ఎడంచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. సగం వాడి చొక్కా తింటోంది. ప్రాణానికి భయం లేదు. భయమల్లా వాడి ఉద్యోగానికే. పురిటింట్లో ఉన్న అక్కకి చెప్పొద్దని వాడే అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. నీ ఫోను ఎత్తకపోవడం అందుకే. నాతో ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ అంటాను. అలా అయ్యే పని కాదని ఈ ఉత్తరం.

ముందు నువ్వు అడిగినవి. దగ్గు తగ్గింది. వంటింటి కుళాయి ఇంకా కారుతోంది, కింద గిన్నె పెట్టాను. పాలావిడకి నువ్వు చెప్పమన్న మాట చెప్పలేదు. పలచగానే పోస్తోంది. పసిదానికి నా చెవులు వచ్చాయని రాశావు. పాపం.

మన ట్రైలర్ బండి ఎవరికైనా ఇచ్చావా అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. ఇచ్చాను. నువ్వున్నప్పుడు అడగడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిన్ను చూసి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. నువ్వు బస్సెక్కావని వీధి వీధికీ ఎవరు చాటారో తెలియదు. దర్జీ ఇల్లు మారాడు. బీరువా, మంచాలు, కుట్టుమిషను, వాటన్నిటి మీదా వాళ్ళ అత్తగారు. దిగమ్మా అనడానికి నోరు రాలేదు. ఆవిడే నాకు చెయ్యి ఊపి వెళ్ళింది. వడ్రంగి తీసుకెళ్ళి వెనక దీపం పగలగొట్టి తెచ్చి, “బాబాయ్, నీ బండికి దీపం లేదు, కాస్త చూసుకోవాలి” అన్నాడు. సరే అన్నాను. మొహమాటం గురించి నువ్వు చెప్పే సామెత ఉందే, అది ఉత్తరంలో రాసేది కాదు.

ఇక నీ తమ్ముడి సంగతి. వాడు వెనకవైపు గది వేసుకుంటున్నాడు కదా. నేలలో పోయడానికి కంకర కావాలని ట్రైలర్ అడిగాడు. వాడికి కాదంటే నువ్వే ఊరుకోవు. తన జీపుకి తగిలించుకున్నాడు. తొట్టి లోపల నేను గీసిన తెల్లగీత ఉంది చూడు, అంతకు మించి వెయ్యొద్దని. ఆ గీత దాకానే వేయించాడు. ఒక్క రాయి కూడా గీత దాటలేదు. కానీ ఆ గీత నేను కట్టెల మిల్లులో ఉన్నప్పుడు రంపపుపొట్టు కోసం గీసింది. గీత దాకా పొట్టు పోస్తే పిల్లలు తోసుకుపోతారు. గీత దాకా కంకర పోస్తే ఏనుగుని ఎక్కించినట్టే.

గోదాము ముందు దిగుడులో ట్రైలర్ వెనకనుంచి జీపుని తోసేసింది. బ్రేకు తొక్కితే ఆగలేదు. అటూ ఇటూ ఊగి జీపుని కూడా లాక్కుని కాలువలో పడింది. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న పంతులమ్మ పక్కకి దూకింది కాబట్టి సరిపోయింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. చూడ్డానికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక నిలబడితే, దెబ్బ తగిలిన మనిషే నన్ను కూర్చోమంది.

వాడు లారీ తోలేది ఆ గోదాముకే. మేనేజరు గేటు బయటికొచ్చి అంతా చూశాడు. “సొంత బండికి ఎంత బరువు వెయ్యాలో తెలియనివాడు నా సరుకేం తోలతాడు? సోమవారం ఏ సంగతీ చెప్తాను, అప్పటిదాకా రావద్దు” అన్నాడట. నీ మరదలు గుక్కపట్టి ఏడ్చింది. వీధిలో ఒక్కొక్కరూ వచ్చి వాడికి బుద్ధులు చెప్పారు. దర్జీ కూడా వచ్చి, “ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా” అన్నాడు. అత్తగారిని బీరువా మీద ఊరేగించినవాడు. నీ తమ్ముడు ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. నాదే తప్పు, నాదే తప్పు అన్నాడు.

ఇది రాయడానికే రోజూ కాగితం తీసి మళ్ళీ లోపల పెడుతున్నాను. కంకర ఎత్తిన రోజు నేను అక్కడే ఉన్నాను. నిండాక వాడు నా దగ్గరికొచ్చి, “బావా, ఫరవాలేదంటావా?” అని అడిగాడు. టైర్లు పొట్టలు పెట్టుకుని నేలకి అణిగిపోయాయి. ఇరుసు మీద బరువు మోస్తూ వంపుగా ఉండాల్సిన కమాను పట్టీలు కర్రల్లా చాపుకున్నాయి. జీపు ముందుచక్రాలు తేలిపోతున్నాయి. అన్నీ చూశాను. కంకర పోసినవాళ్ళు చెమట తుడుచుకుంటూ నా మొహం కేసి చూస్తున్నారు. సగం దింపండి అనాలి. వాళ్ళని మళ్ళీ పారలు పట్టమనాలి. తల ఊపాను. వాడు నన్ను కూడా జీపు ఎక్కమన్నాడు. నడిచి వస్తానన్నాను.

ఎందుకు నడిచి వస్తానన్నానో నాకు తెలుసు. నీకూ తెలుస్తుంది.

శనివారం ఉతికిన చొక్కా వేసుకుని గోదాముకి వెళ్ళాను. గది బయట బల్లమీద కూర్చుని ఏం చెప్పాలో అంతా అనుకున్నాను. లోపలికి వెళ్ళగానే అంతా పోయింది. “ట్రైలర్ నాది. గీత నాది. వాడు అడిగాడు. నేను చూసే సరే అన్నాను” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశాడు. “మీ బావమరిది ఆసుపత్రి నుంచే ఫోను చేశాడండీ. ఆ రోజు మీరు ఊళ్ళోనే లేరట. మీకు చెప్పకుండా బండి తీసుకెళ్ళాడట. ఇద్దరిలో ఎవరిది అబద్ధం?”

“వాడిదే” అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. వీధంతా తలో మాటా అంటుంటే వాడు నన్ను కడుపులో పెట్టుకు కూర్చున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

మేనేజరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “చెయ్యి అతుక్కునేదాకా గేటు దగ్గర తూకం చూడమనండి. లారీ సంగతి తరవాత” అన్నాడు. కాబట్టి ఉద్యోగం ఉంది. లారీ ఇస్తాడో ఇవ్వడో చెప్పలేను.

ఇంటికొచ్చి పడుకుంటే సాయంత్రం దాకా లేవలేకపోయాను. ఆ నాలుగు మాటలకే ఒళ్ళంతా కట్టెలు కొట్టినట్టయింది. ఇన్నేళ్ళూ నా బదులు అందరితోనూ నువ్వే మాట్లాడావు. నీకు అలుపు వస్తుందేమోనని నేనెప్పుడూ అనుకోలేదు.

ట్రైలర్ ఇరుసు వంగింది. చక్రాలు విప్పేసి మంచం కిందకి తోశాను. చక్రాల్లేని బండి ఎవరూ అడగరు.

నిన్న నీ తమ్ముడు వచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. “ఎందుకు చెప్పావు బావా? నేనొక్కణ్ణే మాటలు పడితే పోయేదిగా. అక్క దగ్గర నీకు మాట రాకూడదనే కదా దాచాను” అన్నాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

వాడికి నువ్వు ఒక ఉత్తరం రాయి. వాణ్ణి ఏమీ అనకు. నన్ను అనాల్సినవి మాత్రం ఉత్తరంలో రాయకు. పసిదానికి నెల నిండాక వచ్చి, ఎదురుగా కూర్చుని అను. వింటాను.

ఇట్లు,
పిల్లల నాన్న