నేను రుచి చూడని కుండ

నకరికల్లు, 1941

కల్లు దుకాణం వేలం పాటదారు గారికి,

నేను రుచి చూసి సరేననేదాకా ఏ కుండా అమ్మనని ఇరవై ఏళ్ల నాడు నాకు మాటిచ్చావు. పోయినేడు తిరునాళ్ల రోజున నేను వచ్చేలోపే వెల్దుర్తి కల్లు పోయించావు. నా తమ్ముడు దానియేలు, “మా అన్న చూశాడా?” అని అడిగితే, “చూశాళ్లేరా, తాగు” అన్నావట. అందులో ఉమ్మెత్త గింజలు కలిపారు. తెల్లారేసరికి వాడు పోయాడు.

ఈ ఏడు తిరునాళ్లకు నాలుగూళ్ల కల్లు తెప్పిస్తున్నానని, ఏది మేలో చెప్పమని కబురు పెట్టావు. వాడు పోయిన కాణ్ణించి నాకొకటి పట్టుకుంది, ఎన్ని పుస్తకాలు చదివినా అంతుబట్టలేదు. కల్లు నాలుక మీద పడగానే, “ఎట్టుందన్నా, తాగేదా?” అని వాడి గొంతు వినిపిస్తుంది. వెంటనే ఉమ్మేస్తాను.

అయినా వస్తాను. నేను మింగేదాకా ఎవరికీ పోయించకు.

గింజలు కలిపాడని కోర్టువారు ఆ కల్లు గీసిన గీతగాడు ఏసయ్యను జైల్లో పెట్టారు. నేను మాత్రం ఇప్పటికీ తప్పు నీదేనంటాను, హనుమయ్యా.