ఎండిన మడులు

మునెప్ప మేస్త్రీకి,

నువ్వు పోయి ఈ కార్తీకానికి ఏడాది. మొన్నటి వానలకు నువ్వు వేసిన మిద్దె కారింది. రేణిగుంట నుంచి కొత్త మేస్త్రీని పిలిపించాను.

అప్పట్లో నువ్వు స్లాబు పోసిన మర్నాడు దాని మీద వరిమడుల్లా గట్లు కట్టి నీళ్ళు నింపి, "ఇరవై ఒక్క దినం ఆరనీబాకండి సామీ, ఇంక ఇది మీ పని" అన్నావు. ఆరో రోజు నేను పెళ్ళికని పలమనేరు పోయి, నాలుగు రోజులు అక్కడే ఉండిపోయాను. వచ్చేసరికి మడులు ఎండిపోయి స్లాబు బీటలు వారింది. నాకన్నా పెద్దవాడివని కూడా చూడకుండా, వీధిలో అందరి ముందూ "సిమెంటు మింగేసినావు కదరా!" అని అరిచాను. నువ్వు ఆ ఎండిన గట్ల వైపు ఒకసారి చూసి, తాపీ సంచి తీసుకుని వెళ్ళిపోయావు. ఆ తర్వాత మా వీధిలో నీకెవరూ పని ఇవ్వలేదు.

ఈ పొద్దున కొత్త మేస్త్రీ బీటలో వేలు పెట్టి చూసి, "నీళ్ళు సరిగ్గా కట్టినారా సామీ?" అని అడిగాడు.

"ఇరవై ఒక్క దినమూ కట్టినాను" అన్నాను. వెనక నిలబడి ఉన్న మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

"అట్లయితే ఆ మేస్త్రీదే తప్పు" అన్నాడు.

అవునని తల ఊపాను, మునెప్పా. ఈసారి ఎదురుగా నువ్వు కూడా లేవు.