నీ ఆంప్ ఆన్ చెయ్యకు

చిన్నీ, లేవగానే నీ బాస్ గిటార్ ఆంప్ ఆన్ చెయ్యకు, ప్లగ్ పీకేసి పెట్టాను. సాయంత్రం నేనే రిపేరు షాపుకి మోసుకెళ్తాను. ఇవాళ రిహార్సల్‌కి మీ బ్యాండు డ్రమ్మర్‌ని వాళ్లింట్లో ఉన్న ఆంప్ అడిగాను, ఇస్తానంది. పాలు కాచి పెట్టాను, తాగి వెళ్లు.

దాన్ని పాడుచేసింది నేనే. మొన్న నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు నా గిటార్ దానికి తగిలించాను. దుప్పటి ముసుగులోంచి పాడుతున్నట్టు వినిపించింది. అది బాస్ గిటార్ కోసం చేసిన పెట్టె, మామూలు గిటార్‌కి అలాగే ఉంటుందని తెలిసి కూడా ఊరుకోలేదు. ట్రెబుల్ మొత్తం తిప్పేసి, డిస్టార్షన్ పెడల్ తొక్కాను. ఓ పది నిమిషాలు కుర్రాణ్ణయిపోయాను. తర్వాత పైనున్న చిన్న స్పీకర్ నుంచి కాలిన వాసన వచ్చింది. ఆపేసి, గుడ్డ కప్పేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చున్నాను.

నిన్న సాయంత్రం అది బరబరమంటుంటే, మీ అమ్మ ముందే, "నీకు వస్తువు వాడుకోవడం తెలీదు" అని నీ మీద అరిచాను. నువ్వు తలొంచుకుని "సారీ నాన్నా" అన్నావు. అమ్మకి ఇందాకే నిజం చెప్పేశాను. నీకు మొహం చూపించలేక ఇలా రాసి పోతున్నాను.

నాన్న

ఇంకో మాట. చెప్పులేసుకుంటూ చొక్కా జేబులో చెయ్యి పెడితే, నేను గిటార్ తీగలు మీటే పిక్ తగిలింది. మొన్న దాన్ని నీ ఆంప్ మీదే మర్చిపోయాను. ఈ చొక్కా నిన్న పొద్దున నువ్వే ఇస్త్రీ చేసి తగిలించావు. అంటే, అంతా తెలిసే సారీ చెప్పావా తల్లీ?